సర్ జోసెఫ్ విట్వర్తు చరిత్రము: గుఱియు, కొలతయు

గుఱి యనగానే మనకు విలుకాని చూపు జ్ఞప్తికి వచ్చును. మత్స్యయంత్రమును పడగొట్టిన యర్జునుని కథ వినని తెలుగుబిడ్డ యుండడు. గుఱి తగిలినచో వేసినవానిని పొగడుదుము. తప్పినచో వానినే నిందింతుము. వింటిని వంచినవానిని, బాణమును చెక్కినవానిని తలంచువారు అరుదు. అట్లు తలంపునకు రాని పనివారిలో నొక మహనీయుని చరిత్రమును, ఈ సంచికను చదువు సోదరసోదరీమణులకును, మన మహాసభను పోషించుచున్న దాతలకును విన్నవింపవలెనని మేము సంకల్పించితిమి. ఆయన ఆంగ్లదేశపు యంత్రశిల్పియైన సర్ జోసెఫ్ విట్వర్తు. వేయిగజముల దూరమున నున్న గుఱిని తుపాకిగుండు తాకుటకును, తప్పుటకును కారణము కాల్చువాని కంటిలో మాత్రమే లేదనియు, కర్మశాలలోని కొలతలో నంతకంటె నెక్కుడుగా గలదనియు నాయన ఋజువు చేసెను. ఆయన మన దేశమువాడు గాడు. అయినను పనిముట్టు పట్టిన చేతి కష్టసుఖములు ఏ దేశమునందైనను ఒక్కటియే గనుక, ఈ చరిత్రము మనవారికి పరాయిది గాదని మా నమ్మకము.

విట్వర్తు 1803వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన స్టాక్‌పోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి బడిపంతులు, మతబోధకుడు కూడను. తల్లి ఆయన బాల్యమందే గతించెను. పదునాలుగవ యేట బాలుని డెర్బీషైరు మండలమున బంధువుల నూలుమిల్లులో పనికి పెట్టిరి. కాలక్రమమున ఆ వ్యాపారమునందు భాగస్తుడై సుఖముగా జీవించునని పెద్దల యూహ. కాని యా బాలునకు నూలుమీద గాక, నూలును వడకు యంత్రముల మీద మనసు నిలిచెను. అచ్చటి ప్రతి యంత్రము యొక్క మర్మమును గ్రహించిన పిదప, నాలుగేండ్లకు మిల్లు విడిచి, మాంచెష్టరు నగరమున సామాన్యపు పనివాడుగా కుదిరెను. కూర్చుండి తినగల జీవనమును వదలి, చేతులు మసిచేసికొను బ్రతుకును కోరి వరించుట ఆనాడు బంధువులకు వెఱ్ఱిగా తోచియుండును.

1825లో వివాహమాడి లండను చేరెను. అచ్చట హెన్రీ మాడ్స్‌లే యను ప్రసిద్ధ శిల్పి కర్మశాలలో పని దొరకెను. ఆకాలమున లోహపు పలకను సమతలముగా చేయుటకు కురువిందపు పొడి వేసి రెండు పలకలను ఒండొంటితో రాచెడివారు. పొడి యొకచోట నెక్కువగాను, మఱియొకచోట తక్కువగాను నిలుచుటచే పలక కంటికి సమముగా గానవచ్చినను నిజముగా సమము గాకుండెను. విట్వర్తు ఆ రాపిడిని మాని, ఉలివంటి పదునైన పనిముట్టుతో మిట్టలను మాత్రమే గీకి తీయు పద్ధతిని సాధించెను. ఒక పలకకు రంగు పలుచగా పూసి రెండవదానిమీద నుంచినచో, మిట్టలున్న చోట రంగంటును. ఆ చోట్లను గీకివేయుచు పోవలెను.

అంతటితో పని ముగియదు. రెండు పలకలను మాత్రమే సరిచూచినచో, ఒకటి నడుమ ఉబ్బియు, రెండవది సరిగా నంతమేరకే పల్లమై యున్నను, అవి చక్కగా నతుకుకొనును, దోషము బయటపడదు. మూడు పలకలను చేసి, ప్రతిదానిని తక్కిన రెండింటితోను సరిచూచినచో అట్టి మోసము సాగదు. ఉబ్బినవి రెండు కలిసిననాడు నడుమ నానుకొని అంచులయొద్ద సందు విడుచును. మూడును పరస్పరము కలిసినప్పుడే మూడును సమతలములు. తోడివారు అసాధ్యమని విడిచిన ఈ పనిని ఆయన పట్టుదలతో నెరవేర్చెను. తప్పును దాచుకొనుటకు చోటు లేకుండ పరీక్షను పన్నుట ఆయనకు జీవితాంతము అలవాటైనది.

1833లో మాంచెష్టరునకు తిరిగివచ్చి, లండనునుండి వచ్చిన పనిముట్ల తయారీదారుడనని పలక కట్టి, సొంత కర్మశాల తెఱచెను. కొలదికాలములోనే ఆయన లేతులు, ఇతర యంత్రములు దేశమంతట ప్రసిద్ధికెక్కెను. అప్పట్లో ఏ కర్మశాల మర ఆ కర్మశాలదే. ఒకచోట చేసిన బోల్టు మఱియొకచోటి నట్టునకు పట్టెడిది కాదు. ఆయన పెక్కు కర్మశాలలనుండి మరచీలలను తెప్పించి కొలిచి, వానిని సరిచూచి, 55 డిగ్రీల కోణముతో నొకే విధమైన మరను 1841లో సివిల్ ఇంజనీర్ల సంస్థ యెదుట ప్రతిపాదించెను. అదియే విట్వర్తు మర. మన దేశపు రైలు కర్మశాలలలోను చిరకాలము ఆ మరయే వాడుకలో నుండెను.

1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున ఆయన చూపిన కొలతయంత్రము జనులను విస్మయమున ముంచెను. అది అంగుళములో పదిలక్షవవంతు భేదమును గూడ కనిపెట్టును. దానియందలి యుపాయము సులభము. అంగుళమునకు 20 చుట్లుగల మరయొకటి. దానిని త్రిప్పు చక్రమునకు 200 పండ్లు. ఆ చక్రమును కదల్చు రెండవ చక్రముమీద 250 గీతలు. ఇరువదిని ఇన్నూటితోను, దానిని ఇన్నూటయేబదితోను గుణించినచో పదిలక్షలగును గదా! రెండవ చక్రమున నొక గీత కదలిన, మర అంగుళములో పదిలక్షవవంతు జరుగును. ఇట్టి కొలత చేతనున్న వానికే తుపాకి సమస్య వచ్చిపడెను.

1854లో ఆంగ్లేయులకును రష్యనులకును క్రిమియా యుద్ధము పొసగెను. ఆంగ్ల సైన్యమునకు 1853లో నిర్ణయింపబడిన ఎన్‌ఫీల్డు రైఫిలు తుపాకులు వేలకొలదిగా కావలసివచ్చెను. రైఫి లనగా గొట్టము లోపల మెలిదిరిగిన గాడులు గలది. ఆ మెలికవలన గుండు బొంగరమువలె తిరుగుచు పోవును. తిరుగు బొంగరము నిలుచునట్లే తిరుగు గుండు తల తిప్పక నేరుగా సాగును. ఈ తుపాకులను చేయుటకు యంత్రములను కల్పింపుమని ప్రభుత్వమువారు విట్వర్తును కోరిరి. మఱియొకడైనచో అంత గొప్ప పనికి చేతులు జోడించి యొప్పుకొనును. ఆయన యట్లు చేయలేదు. ఎన్‌ఫీల్డు తుపాకులలో నొకటి చక్కగాను, రెండవది వంకరగాను కాల్చుటకు కారణమేమో, గొట్టపు రంధ్రము ఇంతే యేల యుండవలెనో, మెలిక ఇంతే యేల యుండవలెనో ఎవరును చెప్పజాలకుండిరి. ఏది మంచిదో తెలియకయే దానిని వేలకొలదిగా చేయుటకు యంత్రములను కట్టుట ధనమును వ్యర్థపుచ్చుట యని ఆయన తెలియజేసి, ముందు పరీక్షలు జరుగవలెనని పట్టుబట్టెను.

ప్రభుత్వమువారు సమ్మతించిరి. మాంచెష్టరు చెంత రషోముననున్న ఆయన తోటలో 500 గజముల పొడవు, 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తుగల శాలను కట్టిరి. గాలి తగిలినచో గుండు ప్రక్కకు తొలగును. అప్పుడు దోషము గాలిదో తుపాకిదో నిర్ణయింప వీలుకాదు. అందుకే కప్పుగల శాల. కాని కట్టడము ముగిసిన కొలది దినములకే గాలివాన వచ్చి దానిని కూల్చివేసెను. మరల కట్టి 1855 మార్చిలో పరీక్షలారంభించిరి. గుండు పోవు దారిపొడుగునను అక్కడక్కడ పలుచని కాగితపు తెరలను వ్రేలాడదీసిరి. ప్రతి తెరమీదను గుండు చేసిన చిల్లును చూచి, అది ఎచ్చట వంగెనో, ఎచ్చట అడ్డము తిరిగెనో తెలిసికొనుచుండిరి. అరువది అంగుళములకు ఒక చుట్టు తిరుగు మెలిక మొదలుకొని ఒక్క అంగుళమునకే ఒక చుట్టు తిరుగు మెలికవఱకును పలువిధముల గొట్టములను చేసి కాల్చి చూచిరి.

ఫలితమును సులభముగా విన్నవించెదము. ఎన్‌ఫీల్డు గొట్టపు రంధ్రము అంగుళములో వేయింటికి 577 వంతులు. దాని మెలిక 78 అంగుళములకు ఒక చుట్టు. గొట్టము పొడవు 39 అంగుళములే గనుక గుండు గొట్టము వెడలులోపల అరచుట్టు మాత్రమే తిరుగును. గుండు బరువు 530 గ్రెయినులు, అనగా మన లెక్కకు మూడు తులములకు కొంచెము తక్కువ. ఈ బరువును మార్చరాదని ప్రభుత్వపు నియమము. విట్వర్తు బరువును మార్చక రంధ్రమును వేయింటికి 451 వంతులకు తగ్గించెను. అంతే సీసము సన్నని గొట్టమున పట్టవలెనన్న గుండు పొడవు కావలెను. పొడవైన సన్నని గుండునకు గాలి యడ్డు తక్కువ. వేగము దూరమువఱకు నిలుచును. కాని పొడవైన గుండు తలక్రిందులగు స్వభావము గలది. దానిని నిలుపవలెనన్న వడిగా త్రిప్పవలెను. అందుచే మెలికను 20 అంగుళములకు ఒక చుట్టుగా నిర్ణయించెను. అంతే పొడవుగల గొట్టమున గుండు ఇంచుమించు రెండు చుట్లు తిరుగును. గొట్టపు లోపలిభాగమును గుండ్రముగా గాక ఆఱు పలకలుగా చేసి, ఆ పలకలనే మెలిద్రిప్పి, గుండును గూడ ఆ రూపునకు సరిగా అమరునట్లు చేసెను. గొట్టము మొదటినుండి తుదివఱకు ఒకే కొలత నుంచుటలో నాయన సమతలపు పలకలును, కొలతయంత్రమును నేర్పిన విద్య యంతయు వినియోగమయ్యెను.

1857 ఏప్రిలులో హైత్ అను సముద్రతీరపు ఊరిలోని సైనిక తుపాకి పాఠశాలలో రెండు తుపాకులకును పోటీ పెట్టిరి. ఇట్టి పోటీలో గుండ్లు తగిలిన చోట్లకు నడిమి బిందువును గుర్తించి, ఒక్కొక్క గుండు దానికెంత యెడముగా పడెనో కొలిచి సరాసరి కట్టుదురు. ఆ సరాసరి యెంత చిన్నదో గుఱి యంత మంచిది. 500 గజముల దూరమున ఎన్‌ఫీల్డు సరాసరి 2.24 అడుగులు, విట్వర్తు తుపాకిది 0.37 అడుగు, అనగా నాలుగున్నర అంగుళములకు లోపల. 800 గజములయొద్ద ఎన్‌ఫీల్డు 4.20 అడుగులు, విట్వర్తు ఒక్క అడుగు. 1,100 గజములయొద్ద 8.04 అడుగులును, 2.62 అడుగులును. 1,400 గజములయొద్ద ఎన్‌ఫీల్డు లెక్కకు రాలేదు, విట్వర్తు 4.62 అడుగులు. 1,880 గజములు, అనగా మైలునకు పైబడిన దూరమున సయితము విట్వర్తు సరాసరి 11.62 అడుగులే. ఎన్‌ఫీల్డు 500 గజములయొద్ద చూపిన నేర్పునకును, విట్వర్తు తుపాకి 1,100 గజములయొద్ద చూపిన నేర్పునకును అంతగా భేదము లేదని ఈ యంకెలే చెప్పుచున్నవి.

అదే ఎన్‌ఫీల్డు తుపాకి అదే సంవత్సరమున మన దేశమున వేఱొక కారణమున ప్రసిద్ధి కెక్కెనని చదువరు లెఱుగుదురు. దాని తూటాలకు పూసిన క్రొవ్వును గూర్చిన యనుమానము సిపాయిలలో రగిలి, 1857 మే 10వ తేదీన మీరటునందు తిరుగుబాటుగా మండెను. హైత్ పోటీ జరిగి అప్పటికి నెల మాత్రమే. ఒకే ఆయుధము సముద్రమున కావలియొడ్డున అంగుళములతోను, ఈవలియొడ్డున మనుజుల ధర్మముతోను పరీక్షకు నిలిచి, రెండుచోట్లను తప్పెను.

ఇంత స్పష్టమైన గెలుపు తరువాత విట్వర్తు తుపాకి సైన్యమునకు నిర్ణయింపబడినదని చదువరులు తలంతురు. అట్లు జరుగలేదు. రంధ్రము యుద్ధపు తుపాకికి మఱీ సన్ననిదని అధికారు లాక్షేపించిరి. తుపాకిమందు కాలిన మసి సన్నని గొట్టమున త్వరగా పేరుకొని, తరువాతి గుండును దించుట కష్టమగుననిరి. వెలయు చాల హెచ్చు. ఈ యాక్షేపణములు వట్టి అసూయచే పుట్టినవని మేమనజాలము. ప్రశాంతమగు మైదానమున గుఱి కాల్చు తుపాకి వేఱు. వానలో, బురదలో, శత్రువు మీదికి వచ్చుచుండగా భటుడు మందుదట్టు తుపాకి వేఱు. విట్వర్తు మాత్రము తన ఆఱు పలకల పద్ధతిని రవంతయు సడలింపనొల్లక వాదించుచునే యుండెను. ఆయన పట్టుదలయే ఆయనకు బలము. కొన్ని తరుణముల నదియే లోపమును.

సైన్యము నిరాకరించినదానిని గుఱికాండ్రు నెత్తిన పెట్టుకొనిరి. 1859లో నేషనల్ రైఫిల్ అసోసియేషను స్థాపితమయ్యెను. దాని మొదటి పోటీలను 1860 జూలై 2వ తేదీన వింబుల్డను మైదానమున విక్టోరియా రాణి ప్రారంభించెను. విట్వర్తు తుపాకి నొక యినుప పీఠమున బిగించి, 400 గజముల దూరమందలి గుఱికి సరిచేసి యుంచిరి. రాణి పట్టుత్రాడు లాగినంతనే తుపాకి ప్రేలెను. గుండు గుఱి నడిమిబిందువునకు ఒకటింబావు అంగుళము దూరమున తగిలెను. రాణికి తుపాకివిద్య తెలియదు, గుఱి చూడనేలేదు. ఆ దినమున గెలిచినది కేవలము చేతిపనియు, కొలతయు. ఆ పోటీలలో రాణీ బహుమానమునకై 800, 900, 1,000 గజముల దూరములనుండి కాల్చినవారికి విట్వర్తు తుపాకులనే యిచ్చిరి. రాస్ అను యువకుడు దానిని గెలుచుకొనెను. దూరపు గుఱిపోటీ యను క్రీడకు నాటినుండియే కుదురేర్పడెను.

ఈ గుఱి క్రీడకు మాత్రమే ఉపయోగపడినదని వ్రాసినచో మేము సత్యమును దాచినవారమగుదుము. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమున దక్షిణ రాష్ట్రములవారు ఈ తుపాకులను కొలదిగా తెప్పించి, ఏరిన గుఱికాండ్రకిచ్చిరి. 1864 మే 9వ తేదీన స్పాట్సిల్వేనియా యుద్ధభూమిలో, శత్రువు చాల దూరమున నున్నాడని నిర్భయముగా నిలిచిన సేనాని సెడ్జివిక్కు ఒకే గుండుదెబ్బకు కూలెను. అది విట్వర్తు తుపాకి గుండని పెక్కుమంది చెప్పుదురు. కొలత చల్లనిది; ఎవని చేతబడినను పనిచేయును. శిల్పి కీర్తితో గూడ ఈ భారమును కలిసియే వచ్చును.

1871లో ఆంగ్ల సైన్యము మార్టినీ-హెన్రీ తుపాకిని స్వీకరించెను. దాని రంధ్రము అంగుళములో నూటికి 45 వంతులు. మెలిక 22 అంగుళములకు ఒక చుట్టు. ఆఱు పలకలు పోయినవి గాని, సన్నని రంధ్రము, పొడవైన గుండు, వడిగల మెలిక యను మూడును నిలిచినవి. పదునాలుగేండ్ల క్రిందట త్రోసివేసిన సిద్ధాంతమునే అట్లు వేఱుపేరున అంగీకరించిరి. తుపాకి మీది పేరు మఱియొకరిదైనను అందలి సత్యము పరీక్షించి కనుగొన్నవానిదే.

విట్వర్తు పిమ్మట ఫిరంగులను, కరిగిన ఉక్కును గట్టిగా నొత్తి బుడగలు లేకుండ పోతపోయు విధమును సాధించెను. 1857లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1869లో బారనెట్ బిరుదమును పొందెను. 1874లో తన కర్మశాలను కంపెనీగా మార్చినపుడు పనివారికిని వాటాలు కొను నవకాశము కల్పించెను. అయినను ఆయన చేసిన పనులలో మాకు మిక్కిలి ప్రియమైనది వేఱొకటి గలదు. 1868లో ఆయన లక్ష పౌనుల నిధి నేర్పఱచి, ఏటేట నూఱేసి పౌనుల విద్యార్థివేతనములు ముప్పదింటిని స్థాపించెను. 26 ఏండ్లకు లోబడిన యువకులెవరైనను పోటీచేయుటకు నాడు అర్హులై యుండిరి. కాని నియమ మొకటి: పుస్తకపు పరీక్షలో నెగ్గినంతమాత్రమున చాలకుండెను, ఆకురాయి, ఉలి, సుత్తి పట్టి చేతిపనిలోను నేర్పు చూపవలసియుండెను. పనిమాత్రమే తెలిసినవాడు శాస్త్రము నేర్చుకొనవలసియుండెను; శాస్త్రము మాత్రమే తెలిసినవాడు చేతులు మసిచేసికొనవలసియుండెను. ఆ వేతనములు ఆయన పేర నేటికిని ఇయ్యబడుచున్నవి.

1887 జనవరి 22వ తేదీన, 83 ఏండ్ల వయస్సున, శీతకాలము గడుపుటకై పోయిన మాంటికార్లోలో విట్వర్తు పరమపదించెను. డార్లీడేలు గ్రామమున ఆయనను సమాధి చేసిరి. సంతానము లేదు. ఆయన యాస్తి మాంచెష్టరున తోటగాను, చిత్రశాలగాను, ఆసుపత్రిగాను, విద్యాలయములకు దానముగాను పరిణమించెను.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగినది ఏమని చదువరులు ప్రశ్నింపవచ్చును. తుపాకులు చేయుడని మేము చెప్పబోము. కారణము తెలియని పనిని, గొప్పవారు కోరినను, వెంటనే చేయకుండ నిలిచి పరీక్షించిన ఆ ధైర్యము గ్రహింపదగినది. మన కుటుంబములలోను బాడిసయు, సుత్తియు, త్రాసును తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నవి. చూపుతో సరిపెట్టుకొను నలవాటును ఆ పనిముట్లతోబాటే వచ్చుచున్నది. కంటి నేర్పునకు కొలత తోడైనచో మన పిల్లల చేతిపని యే దేశపు పనికిని తీసిపోదు. దాతలగు పెద్దలు ఒక్కొక్కరు ఒక్కొక్క బాలునకు, బడిని మానక కర్మశాలను, కర్మశాలను మానక బడిని సేవించునంత యాదరువు కల్పించినచో, అంతకు మించిన స్మారకచిహ్నము మఱియొకటి యుండబోదు. వింబుల్డనులో రాణి చేయి త్రాడును లాగినది మాత్రమే. గుఱిని కొట్టినది ముప్పదియేండ్లకు పైగా లోహమును గీకి, కొలిచి, మరల గీకిన శిల్పి చేయి. ఆ చేతికి నమస్కరించి ఇంతటితో విరమించుచున్నాము.